ప్రపంచీకరణ ‘వచ్చిందా’, ‘చేశారా’?

సందేహం: మా అమ్మాయి కళాశాల వక్తృత్వ పోటీకి ‘ప్రపంచీకరణ వచ్చాక రొయ్య ధర పడిపోయింది, అసమానతలు పెరిగాయి’ అని రాసుకుంది. తెలుగు మాస్టారు ‘ప్రపంచీకరణ రాదు, చేస్తారు’ అని ఆ వాక్యాన్ని కొట్టేశారట. ఏది ఒప్పు? ‘ప్రైవేటీకరణ’ అని ఇంగ్లీషు మాటకు సంస్కృతపు తోక తగిలించడం తప్పు కాదా? – ఒక పాఠకురాలు, పాలకొల్లు

సమాధానం: మాస్టారు చెప్పినది వ్యాకరణరీత్యా సబబే గాని, కొట్టివేయవలసినంత తప్పు ఆ వాక్యంలో లేదు. సంస్కృతంలో ‘చ్వి’ ప్రత్యయం చేరిన మాటకు ‘కృ’ ధాతువు కలిస్తే ‘ఈకరణ’ రూపం వస్తుంది. అంతకుముందు అలా లేనిదాన్ని అలా అయ్యేటట్లు చేయడమని దాని అర్థం. ‘కృ’కు బదులు ‘భూ’ ధాతువు కలిస్తే ‘ఈభవనం’ అవుతుంది. బడిలో చదువుకున్న బాష్పీభవనం, ఘనీభవనం ఈ రెండో కోవలోవి. నీరు తనంత తానే ఆవిరవుతుంది, ఎవరూ పూనుకోనక్కరలేదు. శుద్ధీకరణకు మాత్రం శుద్ధి చేసేవారు ఒకరు ఉండి తీరాలి. ఆ లెక్కన ‘ప్రపంచీకరణ’లోనూ కర్త ఇమిడి ఉన్నాడు. ‘ప్రపంచీభవనం’ అని ఎవరూ అనకపోవడం యాదృచ్ఛికమే కావచ్చు, కాని జరిగిన చరిత్రకు ‘కరణ’మే అతుకుతుంది. 1991 జూలై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించినదీ, అదే నెల 24న కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించి చాలా పరిశ్రమలకు లైసెన్సుల నిబంధన ఎత్తివేసినదీ కేంద్ర ప్రభుత్వమే. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినదీ దేశాలు కుదుర్చుకున్న ఒప్పందంతోనే.

అయితే ‘వచ్చింది’ అనడం తెలుగు నుడికారం. ధవళేశ్వరం దగ్గర నీరు వదిలేది మనుషులే అయినా, శివారు పొలం రైతు ‘కాలువకు నీళ్లొచ్చాయి’ అనే అంటాడు. తన దాకా ఏది చేరిందో దానికే అతడు క్రియ వాడతాడు. రొయ్యల చెరువు గట్టు మీదా ఇదే వరస. పట్టుబడి నాడు కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో చూసి కౌంటు కడతారు. 30 కౌంటుకు ఒక ధర, 100 కౌంటుకు అంతకంటే బాగా తక్కువ ధర పలుకుతుంది. రైతు చెవిన పడేది ఆ అంకె ఒక్కటే కనుక, అది తగ్గిన నాడు ‘ధర పడిపోయింది’ అంటాడు. ఆ మాటను దిద్దే హక్కు వ్యాకరణానికి లేదు.

వ్యాసకర్త సంగతి వేరు. 2025 ఆగస్టులో భారతీయ సరకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చినది అమెరికా ప్రభుత్వం. ఆ భారాన్ని తామొక్కరే మోయకుండా చెరువు గట్టు దగ్గరి ధరలో కోత పెట్టినది కొనుగోలుదారులు. ఇంత తెలిసినప్పుడు ‘అమెరికా సుంకం పెంచడంతో కొనుగోలుదారులు రొయ్య ధర తగ్గించారు’ అని రాయడమే మేలు. ‘సుంకాలు విధించబడ్డాయి’ అని మాత్రం రాయవద్దనండి. ‘విధించారు’ అంటే చాలు. కర్తను పైకి చెప్పకపోయినా, ఆ పని చేసినది మనుషులేనని చివరి ‘రు’ పట్టిస్తుంది.

క్రియ వల్ల శ్రమ విలువే మారిపోయే సందర్భం మీకు కూతవేటు దూరంలోనే ఉంది. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లకం 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పినది. ఇక్కడ లేసు అల్లే స్త్రీల గురించి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ప్రచురించిన అధ్యయనం 1982లో వెలువడింది. ఆ లేసు విదేశీ విపణికి పోతున్నా, అల్లేవారిని శ్రామికులుగా గాక తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా చూడడం వల్లనే అంత తక్కువ ప్రతిఫలం చెల్లుబాటు అవుతున్నదని ఆమె వాదన. మన వాడుక ఆ వాదనకు సాక్ష్యం పలుకుతుంది. ‘ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని లేసు అల్లుకుంటారు’ అంటాం. ‘కొను’ చేరిన క్రియ పని ఫలం చేసినవారికే చెందుతుందని సూచిస్తుంది: వండుకున్నాడు, కుట్టుకుంది, దాచుకున్నారు. దారం ఇచ్చి, అల్లిన పీసులు లెక్కపెట్టి డబ్బు ముట్టజెప్పే వ్యాపారి నడుమ ఉండగా, ఆమె తనకోసం అల్లుకోవడం లేదు, ఒకరికి అల్లి ఇస్తున్నది. కూలి గురించి రాసేటప్పుడు ‘అల్లుతారు’ అనే రాయాలి. నా మటుకు నాకు, మాస్టారి దిద్దుబాటు కంటే ఈ దిద్దుబాటే ఎక్కువ అవసరం.

‘అసమానతలు పెరిగాయి’ అన్నచోట క్రియతో పేచీ లేదు. ఎక్కడ పెరిగాయో చెప్పకపోవడమే లోపం. ‘దేశాల మధ్య’ అనడం వేరు, ‘దేశంలో’ అనడం వేరు. ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ మరొకరితో కలిసి 1988 నుంచి 2008 వరకు వేసిన లెక్కల్లో, ప్రపంచ జనాభాలో నడిమి వరుసలోని వారి ఆదాయాలు, ముఖ్యంగా చైనాలో, బాగా పెరిగాయి; సంపన్న దేశాల దిగువ మధ్యతరగతి ఆదాయాలు దాదాపు కదలలేదు; అందరికంటే పైనున్న 1 శాతం మళ్లీ బాగా లాభపడ్డారు. దేశాల మధ్య ఎడం కొంత తగ్గుతుండగానే భారతదేశం లోపల ఎడం పెరిగింది కనుక, ‘మధ్య’, ‘లో’ చెప్పకుండా వదిలేస్తే ఎదుటి పక్షం వక్త ఆ వాక్యాన్నే తిప్పికొట్టగలడు.

ఇక ‘ప్రైవేటీకరణ’. పాత వ్యాకరణం ఇటువంటి కలయికను ఒప్పుకోదు. కాని అరబ్బీ నుంచి వచ్చిన ‘జిల్లా’కు సంస్కృతపు ‘అధికారి’ని సంధి చేసి ‘జిల్లాధికారి’ అని హాయిగా అంటున్న మనం దీన్ని వెలివేయలేం. ‘ప్రైవేటు పరం చేయడం’ ఇంకా తెలుగుగా ఉంటుంది. జాగ్రత్త పడవలసినది అర్థం విషయంలో. 2021లో విశాఖ ఉక్కు గురించి ప్రభుత్వం ‘పెట్టుబడుల ఉపసంహరణ’ (అంటే సంస్థలో తన వాటా అమ్మడం) అన్నదాన్ని కార్మికులు ‘ప్రైవేటీకరణ’ అన్నారు. అక్కడి ప్రతిపాదన 100 శాతం వాటాను, దానితోపాటు యాజమాన్య అధికారాన్ని అమ్మివేయడం కనుక కార్మికుల మాటే సరైనది. 2022 మే నెలలో ఎల్ఐసీలో 3.5 శాతం వాటా అమ్మినప్పుడు సంస్థ ప్రభుత్వం చేతిలోనే ఉంది. దాన్ని ఉపసంహరణ అనాలే గాని ప్రైవేటీకరణ అనకూడదు.