కల్లు మానిన మూడో రోజు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. మా నాన్నకు 58 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా రోజూ దుకాణంలో మూడు నాలుగు సీసాల కల్లు తాగేవారు. ఆబ్కారీ వాళ్లు దుకాణం మూయించిన మూడో రోజున చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడటం మొదలయ్యాయి. నిన్న ఫిట్స్ వచ్చాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజు ఎక్కించాడు. గాలి సోకిందని కొందరు, పక్క ఊరి నుంచి కల్లు తెచ్చి తాగిస్తే కుదుటపడతాడని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అచ్చయ్యేదాకా ఆగవలసిన ఉత్తరం కాదు కనుక, నాన్నగారిని వెంటనే జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్లమని మీకు ముందే తెలియజేశాము. ఇక్కడ రాస్తున్నది ఇదే స్థితిలో ఉన్న మిగతా ఇళ్ల కోసం.

చెట్టు నుంచి దించిన కల్లు మానితే సాధారణంగా ఇంత ఉపద్రవం రాదు. తాగేవారు ఎక్కువై చెట్లు చాలని చోట నీళ్లలో శాకరిన్ కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపి అమ్మడం తెలంగాణలో పాత జబ్బే. 2015లో కల్తీపై దాడులు ముమ్మరమైనప్పుడు ఇవే లక్షణాలతో జనం ఆసుపత్రులకు బారులు తీరారు. ఏళ్ల తరబడి ఈ మందులకు అలవాటుపడిన మెదడు, తనను తాను శాంతపరచుకొనే సొంత ఏర్పాటును తగ్గించుకుంటుంది. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి, మందు ఆగిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ లోటు వణుకుగా, భ్రమగా, మూర్ఛగా బయటపడుతుంది. ఇందులో గాలి లేదు, ధూళి లేదు.

కల్లు తాగిస్తే తగ్గుతుందన్న మాట అబద్ధం కాదు, అందుకే అది ప్రమాదకరం. ఏ సీసాలో ఎంత మందు ఉందో అమ్మినవాడికీ తెలియదు. ఎక్కువైతే ఊపిరే ఆగవచ్చు. ఆసుపత్రిలో చేసేదీ ఒక విధంగా అదే పని, కాకపోతే లెక్క ప్రకారం చేస్తారు: డయాజిపాం వంటి, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందును ఇచ్చి స్థిరపరచి, తరువాత మెల్లగా తగ్గిస్తారు. కాలేయం దెబ్బతిన్నవారికి లోరాజిపాం మేలు. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి వెలువరించిన మార్గదర్శకాలు, ఈ జాతి మందులను రెండు నుంచి నాలుగు వారాలకొకసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించడంతో మొదలుపెట్టమని చెబుతున్నాయి. అవి మాత్రలు వాడేవారి కోసం రాసినవి. కల్తీ కల్లులో మోతాదే తెలియదు గనుక వైద్యుడు రోగిని చూస్తూ నిర్ణయించుకోవలసిందే. వారానికి సరిపడే మాత్రలే చేతికిచ్చి పంపేస్తే మాత్రం, మెల్లగా తగ్గించడం గురించి మళ్లీ అడగండి.

డాక్టరు దగ్గర కల్లు మాట దాచకండి. ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఆఖరి సీసా ఎప్పుడు అన్నవి మూడూ చెప్పాలి. మూత్ర పరీక్షలో డయాజిపాం జాతి మందులు పట్టుబడవచ్చు గాని, క్లోరల్ హైడ్రేట్ ఆ పరీక్షకు చిక్కదు. బ్రాందీ అలవాటు కూడా ఉన్నవారికి థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కించడం మంచిది కాదు. ఆర్‌ఎంపీలు దీన్ని తరచుగా మరచిపోతారు.

దారిలో మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలగుత్తి, నోట్లో చెంచా పెట్టవద్దు. అంబులెన్సుకు 108. ఇంటికి వచ్చాక మాట సాయానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ 14416, వ్యసన విముక్తికి 14446 నంబర్లున్నాయి.