ఒకటో తరగతికి చదవడం నేర్పబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

డీఎస్సీలో ఎంపికై మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చేరావనీ, హెడ్మాస్టరు గారు ఒకటి, రెండు తరగతులు నీకు అప్పగించారనీ తెలిసి సంతోషించాను. అక్షరాలు ఎక్కడ మొదలుపెట్టాలి, గుణింతాలు ఎన్నాళ్ళు చెప్పించాలి అని అడిగావు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ తరగతుల్లోనే పనిచేసినదాన్ని కనుక, నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతే నీకు ముందుగా చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా తరగతి మొత్తం చేత 'క కా కి కీ' అని రాగం తీయించి చెప్పించేదాన్ని. ఒక పిల్లవాడు అన్ని గుణింతాలూ తడుముకోకుండా అప్పజెప్పేవాడు. ఒకనాడు నల్లబల్ల మీద విడిగా 'కి' అని రాసి ఇదేమిటని అడిగితే, వేళ్ళు ముడుచుకుంటూ 'క, కా' అని మొదటి నుంచి చెప్పుకుంటూ వచ్చి అక్కడ ఆగాడు. పక్కనే 'గి' రాస్తే మళ్ళీ 'గ' దగ్గర మొదలుపెట్టాడు. గుడి అనే గుర్తు అక్షరం పలుకును ఎలా మారుస్తుందో వాడికి తెలియదు, ఎందుకంటే నేను నేర్పింది వరుసనే. అప్పటి నుంచి గుణింతాన్ని అడ్డంగా కాక నిలువుగా చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఒక వారమంతా గుడి ఒక్కదాన్నే తీసుకుని, పిల్లలకు అప్పటికే తెలిసిన అక్షరాల మీద పెడుతూ 'కి, గి, చి, ని, పి, లి' అని పలికించి, వెంటనే 'గిలక, చిలక, పిడక' వంటి మాటలు చదివించు. మరుసటి వారం గుడిదీర్ఘం వచ్చినప్పుడు, రెండింటినీ పక్కపక్కన పెట్టి పలుకులో తేడాను చెవితో పట్టుకోనివ్వాలి.

అక్షరాలు యాభై ఆరూ వచ్చాకే మాటలు చదివించాలన్న నియమమేమీ పెట్టుకోకు. ప, ల, క, గ, డ, వ అనే ఆరు వస్తే చాలు, 'పలక, గడప, కలప, వల' చదవవచ్చు. ఆ రోజే తాను చదవగలనన్న సంగతి బిడ్డకు తెలుస్తుంది. అయితే అంతకన్నా ముందు, పలక పట్టించకుండానే ఓ రెండు మూడు వారాలు చెవిని సిద్ధం చెయ్యి. 'అరటిపండు'కు పలుకుకొకటి చొప్పున ఎన్ని చప్పట్లు కొట్టాలి, 'కలప'లో చివరి పలుకు తీసేస్తే ఏం మిగులుతుంది, 'గ'తో మొదలయ్యేవి మన గదిలో ఏమేం ఉన్నాయి అని ఆడించు. ఇంగ్లిషులో అక్షరం పేరు ఒకటి, పలుకు మరొకటి కనుక అక్కడ ఫోనిక్స్ అంటూ ఆ రెండింటినీ వేరుచేసి నేర్పవలసి వస్తుంది. మన అక్షరానికి పేరూ పలుకూ చాలావరకు ఒక్కటే, చప్పట్ల లెక్కా రాసిన అక్షరాల లెక్కా దాదాపు ఎప్పుడూ కలుస్తాయి. ఈ సౌలభ్యాన్ని మనం సరిగా వాడుకోవడం లేదని నా బాధ.

పోలిన అక్షరాలను ఒకే రోజు చెప్పకు. 'వ' గట్టిపడిన తరువాతే 'మ' రావాలి. 'వు' రాసేటప్పుడు కొమ్ము పక్కన కాక కింది నుంచి ఎందుకు వస్తుందో పిల్లలకు చూపించు: పక్కన పెడితే అది 'మ'లా కనిపిస్తుంది. 'ర'లో చుక్క పెడితే 'ఠ' అవుతుందని తెలుసుకోవలసిన తొందర ఒకటో తరగతికి లేదు. భ, ధ, ఛ వంటి వత్తక్షరాలు ఇళ్ళలో మాటల్లో అంతగా వినిపించవు కనుక, వాటిని మాటల్లో ఎదురైనప్పుడు చెప్పుకోవచ్చు.

సున్న పలుకు తరువాతి అక్షరాన్ని బట్టి మారుతుందన్న సంగతి సూత్రంగా చెప్పవద్దు. 'వంద'లో నాలుక పళ్ళను తాకుతుంది, 'గంట'లో మడత పడుతుంది, 'కంప'లో పెదవులు మూతపడతాయి. ఆ మూడు మాటలూ పలికించి నోరు ఏం చేస్తోందో గమనించమంటే వాళ్ళే చెబుతారు.

ఇక పిల్లలు నిజంగా ఆగిపోయేది ఒత్తుల దగ్గర. 'అక్క, అమ్మ, పిల్లి' వంటి ద్విత్వాలు త్వరగానే వస్తాయి, ఎందుకంటే పలుకు ఒక్కటే, కాస్త నొక్కి అనడమే. 'కుర్చీ' దగ్గర కథ మారుతుంది: గుడిదీర్ఘం కనిపించేది 'ర' మీద, పలికేది కింద ఉన్న 'చ'కు. అందుకే ఎందరో పిల్లలు 'కురీచ' అని చదువుతారు. అది అజాగ్రత్త కాదు, కంటికి కనిపించినదాన్ని కనిపించిన వరుసలో చదవడమే. 'ముందు పై అక్షరాన్ని సగం పలుకు, తరువాత కిందికి దిగు, చివరికి గుర్తును అందుకో' అని వేలితో దారి చూపిస్తూ 'గుర్తు, బస్తా, కుర్చీ, మేస్త్రి' రోజుకు నాలుగైదు మాటల చొప్పున నెలరోజులు చదివించు. ఒత్తుల ఆకారాలను కూడా రెండు రాసులు చెయ్యి: చ, డ, ద, ప వంటివి తలకట్టు తీసేసి చిన్నగా కింద రాసినట్లే ఉంటాయి, త, న, మ, య, ర, ల మాత్రం రూపం మార్చుకుంటాయి కనుక ఆ ఆరింటికి అట్టముక్కలు చేసి గోడకు తగిలించు.

బిడ్డ 'వచ్చింది' అన్నదాన్ని 'ఒచ్చింది' అనో, 'ఏడు'ను 'యేడు' అనో చదివితే దిద్దవద్దు. అక్షరాలను పోల్చుకుని, అర్థం గ్రహించి, తన ఇంటి పలుకులో చెప్పాడు. అంతకంటే మంచి చదువు ఏముంటుంది? లంబాడీ, కోయ, గోండి, సవర మాట్లాడే ఇళ్ళ పిల్లలు నీ తరగతిలో ఉంటే, మాట అర్థం చెప్పకుండా అక్షరం చెప్పవద్దు. వాళ్ళ భాషలో ఆ వస్తువును ఏమంటారో అడిగి తెలుసుకో. తెలియని మాటను కూడబలుక్కుని చదివినా, అది సరైనదో కాదో పోల్చుకునే ఆధారం వాళ్ళకు ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యంగా ప్రతి బిడ్డనూ విడిగా, వారానికి రెండుసార్లయినా, ఒక్క నిమిషం చదివించి విను. పాఠం కంఠతా వచ్చిన పిల్లలు బొమ్మ చూసి చదివేస్తారు. బొమ్మ మూసి, చివరి వాక్యం నుంచి చదివించితే నిజం తెలుస్తుంది. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చిందో చూడటానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వేలో వాడే పద్ధతి, అంటే అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ అనే మెట్లు, నీ నోటుపుస్తకానికి కూడా చక్కగా సరిపోతుంది. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలని లక్ష్యం పెట్టింది. తనిఖీకి వచ్చినవారు ఆ లెక్క అడుగుతారు, చెప్పు. కానీ 'వెళ్ళిపోతున్నాడు' అన్న ఒక్క మాటలోనే ఆరు అక్షరాలున్న భాష మనది, గడియారం చూపించి బిడ్డను తొందరపెట్టకు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు, ఒత్తుల దగ్గర ఆగిన ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏ మాటను ఎలా చదివారో, అన్నది అన్నట్లే రాసి తీసుకురా. కూర్చుని కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ