ఊపిరితిత్తుల కణాలు తమ పైప్రొటీన్లను ఎందుకు తెంచుకుంటాయి?

హన్మకొండ నుంచి ఒక బైపీసీ విద్యార్థి ప్రశ్న: కణం తన ఉపరితల ప్రొటీన్‌ను తానే తెంచి వదిలేస్తుందట, నిజమేనా? వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి ఘాటుకు వచ్చే దగ్గు కూడా దీనివల్లేనా?

మొదటిది నిజమే. కణపొరలో నాటుకుని ఉన్న ప్రొటీన్ బయటి భాగాన్ని ఎంజైములు పొరకు దగ్గరగా కోసేస్తాయి. ఎక్కువ పని ఆడమ్10, ఆడమ్17 అనే రెండింటిది. 1997లో ఆడమ్17ను గుర్తించింది, వాపు పుట్టించే టీఎన్ఎఫ్-ఆల్ఫాను విడదీసే ఎంజైముగానే. తెగిన ముక్క చెత్త కాదు, పక్క కణానికి అందే కబురు.

సిగరెట్ పొగ తగిలితే శ్వాసనాళపు కణాల్లో ఆడమ్17 చురుకవుతుంది. అది వదిలే ముక్కలు కణం మీద కబురు అందుకునే ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకానికి అతుక్కుంటాయి. దాంతో గాయం మానే పని మొదలవుతుంది, కఫం తయారీ కూడా పెరుగుతుంది. రోజూ పొగ తాగేవాళ్లకు ఈ రెండోదే ఇబ్బంది.

నాకు భలే అనిపించేది హెరెగ్యులిన్ అనే కబురు ప్రొటీన్ సంగతి. అది గాలి వైపు, దాని గ్రాహకం కణాల అడుగు వైపు ఉంటాయి. మామూలుగా కలవవు. కణాల వరుస చిరిగితేనే కలుస్తాయి, మరమ్మతు మొదలవుతుంది.

డాక్టర్లకూ ఇది పనికొస్తుంది: ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో చేసే కేఎల్-6 రక్తపరీక్ష, మ్యూక్1 ప్రొటీన్ నుంచి ఊడిన ముక్కనే కొలుస్తుంది.

మిర్చి దగ్గు మాత్రం వేరే లెక్క. మిర్చిలో ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నేరుగా నరాల చివరలను రెచ్చగొడుతుంది, అందుకే క్షణాల్లో వస్తుంది.