లింకు రోడ్డు అడిగే ముందు డొంక ఎక్కడుందో చూడు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఫోను వచ్చిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నొప్పులు పడుతున్న పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆటో కాలువ గట్టు మీద దిగబడిందనీ, మీ బ్లాకు ఆడవాళ్లంతా చీరలు ఎగదోపుకుని బురదలో నెట్టారనీ చెప్పావు. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు, అంతే చాలు. "ఇళ్లిచ్చారు గానీ దారివ్వలేదు పెదనాన్నా" అన్న నీ మాటే నా చెవుల్లో తిరుగుతోంది.

వచ్చే సోమవారం అందరూ కలిసి కలెక్టరేట్‌కి వెళ్లి అర్జీ ఇస్తామన్నావు. వెళ్లండి, కానీ రెండు వారాలు ఆగి వెళ్లండి. "మా కాలనీకి లింకు రోడ్డు వేయించండి" అని రాసిన కాగితాలు నేను ఉద్యోగంలో ఉండగా వందలు చూశాను. ఏ సర్వే నంబరు మీదుగా, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఆ నేల ఎవరిది అన్నది అందులో ఉండదు. అలాంటి అర్జీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరుగుతూ ఉంటుంది. ముప్పై రెండేళ్లు సర్వే గొలుసు పట్టుకుని తిరిగినవాణ్ణిగా చెబుతున్నాను, డెల్టాలో కొత్త దారి కావాలంటే ముందు పాత దారి వెతకాలి.

మన ఊళ్ల మధ్య పొలాలకి బండ్లు వెళ్లడానికి డొంకలు ఉండేవి. గోదావరి వైపు పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. ట్రాక్టర్లు వచ్చాక, కాలువ గట్లు దార్లయ్యాక, చాలా డొంకలు తుమ్మ చెట్లు మొలిచి మూసుకుపోయాయి. కొన్ని పక్క చేలల్లో కలిసిపోయాయి. పటంలో మాత్రం అలాగే ఉన్నాయి. నువ్వు ముందు గ్రామ పటం ఒకటి, మీ కాలనీకీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఉన్న సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ నకళ్లు సంపాదించు. ఎఫ్‌ఎంబీ అంటే ఒక్కో సర్వే నంబరుకీ కొలతలతో గీసిన బొమ్మ. డొంక అయితే అది పోరంబోకుగా, అంటే ప్రభుత్వ నేలగా రాసి ఉంటుంది, ఏ రైతు పేరునా ఉండదు.

పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు అడుగుల్లో ఉండవు, లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. డొంక వెడల్పు 50 అని రాసి ఉంటే అది 33 అడుగులన్నమాట. నేల మీద నువ్వు చూసేది పది పన్నెండు అడుగుల కాలిబాట కావచ్చు. మిగతాది అటూ ఇటూ గట్లు జరిగి చేలల్లోకి పోయి ఉంటుంది. ఈ తేడా నీ కాగితం మీద కనిపించాలి. బస్సు తిరగాలంటే తారు కనీసం ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు ఉండాలి. మూడు ముప్పావు మీటర్ల సింగిల్ రోడ్డు వేస్తే ఎదురెదురుగా బస్సూ ఆటో వచ్చినప్పుడు ఒకటి బురదలోకి దిగాల్సిందే. 33 అడుగులు దొరికితే 18 అడుగుల తారు, రెండు వైపులా బెర్ములు, అంటే మట్టి అంచులు, ఒక పక్క మురుగు కాలువ, అన్నీ పడతాయి. ఎవరి సెంటు భూమీ కొనక్కర్లేదు.

మీ గ్రామంలో రీసర్వే అయిపోతే సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం నంబర్లు, అంటే కొత్తగా గీసిన ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు చెబుతారు. కంగారు పడకు. పాతదీ కొత్తదీ రెండూ అడిగి తీసుకుని పక్కపక్కన పెట్టి చూడు. డొంక పాత పటంలో వెడల్పుగా, కొత్త పటంలో సన్నగా ఉంటే ఆ విషయమే అర్జీలో రాయి. నకళ్లు ఇవ్వడానికి తిప్పిస్తే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇంకో చిక్కు ముందే చెబుతాను. మీ ఇళ్లు టౌన్ వాళ్ల కోసం కట్టినవే అయినా, కాలనీ నేల పంచాయతీ పరిధిలో ఉందేమో కనుక్కో. చాలా చోట్ల అంతే. మున్సిపాలిటీ "దారి మా హద్దులో లేదు" అంటుంది, పంచాయతీ "జనం మా ఊరివాళ్లు కాదు" అంటుంది, కాలువ దాటే చోట జలవనరుల శాఖ "మా అనుమతి తీసుకోండి" అంటుంది. గుడివాడ దగ్గర మల్లాయపాలెంలో ఒక్కచోటే పట్టణ పేదల కోసం ప్రభుత్వం 8,912 టిడ్కో ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా 35 వేలు దాటిన జనం, అంటే ఒక చిన్న పట్టణం. అంతమందిని పొలాల మధ్య తెచ్చి పెట్టినప్పుడు ఒక్క దారి ఎలా సరిపోతుంది? మీది అంత పెద్దది కాకపోయినా లెక్క అదే. అందుకని అర్జీ ఒక్కటే రాసి ఊరుకోకు. దారిలో ఏ ముక్క ఎవరి పరిధిలోకి వస్తుందో విడదీసి, ఏ ఆఫీసు ముక్క ఆ ఆఫీసుకి రాసి, అన్నీ కలిపి కలెక్టర్ గారికి ఇవ్వండి. ఇళ్లు ఆడవాళ్ల పేర్ల మీద ఇచ్చారు గనక సంతకాలూ మీవే ఉండాలి.

డొంక ఆక్రమణలో ఉంటే మీరు వెళ్లి కంచె పీకొద్దు. ఎంత కోపం వచ్చినా వద్దు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉంది, తహసీల్దారు నోటీసిచ్చి, సమాధానం విని ఖాళీ చేయించాలి. మీరు చేయాల్సింది సర్వే చేసి హద్దులు చూపించమని అడగడం. అది కూడా దాళ్వా, అంటే రెండో పంట కోతలయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో. చేను ఖాళీగా ఉంటే హద్దు రాళ్లు దొరుకుతాయి, రైతుకి పంట తొక్కారన్న బాధ ఉండదు. నీళ్లెటు పోతున్నాయో చూడటం మాత్రం వానాకాలంలోనే. పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున్నే నువ్వే నడిచి వెళ్లి, నీళ్లు డొంకను ఎక్కడెక్కడ దాటుతున్నాయో ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకో.

దీని గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒకసారి ఒక ఊళ్లో ఇలాంటి లింకు రోడ్డుకే నేను హద్దులు వేశాను. వేసవిలో వేశాం. అడ్డంగా ఒక మురుగు బోదె ఉంది, ఎండిపోయి గడ్డి మొలిచి గాడిలా కనిపించింది. అక్కడ తూము పెట్టాలని నేను రాయలేదు, కట్టినవాళ్లూ పెట్టలేదు. నల్లరేగడి మీద మట్టి తోలి, ఎత్తు చేసి, నల్లగా నున్నగా రోడ్డు వేశారు. నవంబరులో తుపాను వచ్చింది. పై చేలల నీళ్లు రోడ్డుకి అడ్డం పడి నిలబడిపోయాయి. కోతకొచ్చిన సార్వా వరి, అంటే మొదటి పంట, మూడు రోజులు నీళ్లలో పడుకుంది. నాలుగో రోజు తెల్లవారేసరికి రోడ్డుకి అడ్డంగా గండి, పక్కన గడ్డపారలు. నేను వెళ్లేసరికి ఒక ముసలాయన గట్టు మీద కూర్చుని మొలకెత్తిన వరి వెన్ను ఒకటి అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వెన్ను నా చేతిలో పెట్టాడు. గింజ పగిలి తెల్లటి మొలక బయటికొచ్చి ఉంది. రోడ్డు కొట్టినవాళ్ల మీద కేసు పెట్టాలన్నారు పైవాళ్లు. తూము లేదని నేను రాసిచ్చాను. ఆ తప్పు నాది కూడా.

అందుకే చెబుతున్నాను, పక్క చేల రైతుల దగ్గరికి అర్జీ ఇవ్వకముందే వెళ్లు. గుంపుగా వెళ్లొద్దు. నువ్వు, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు చాలు. "మీ నీళ్లు ఎటు పోతాయి బాబాయ్, తూములు ఎక్కడ కావాలి?" అని అడుగు. మీ కాలనీ వచ్చాక మురుగు తమ చేలల్లోకి వస్తోందన్న కోపం వాళ్లకి ఉండొచ్చు, అది న్యాయమైన కోపం. ఓపిగ్గా విను. వాళ్లు చూపించిన చోటల్లా తూము కావాలని మీ అర్జీలోనే రాయండి. వీలైతే వాళ్ల సంతకాలూ పెట్టించండి. రైతులూ కాలనీవాళ్లూ కలిసి సంతకం చేసిన కాగితాన్ని పక్కన పడేయడం ఏ ఆఫీసరుకీ అంత తేలిక కాదు.

డొంక ఎక్కడైనా తెగిపోయి, కొంత పట్టా భూమి తప్పనిసరి అయితే నోటి మాట మీద మట్టి తోలించకు. తండ్రి సరేనంటాడు, ఆయన పోయాక కొడుకులు కంచె వేస్తారు. వాళ్లదీ తప్పు కాదు, వాళ్ల పాస్‌బుక్కులో ఆ భూమి అలాగే ఉంటుంది. ఇష్టపడి ఇస్తే పంచాయతీ పేరున రిజిస్టర్ చేయించాలి. లేకపోతే ప్రభుత్వం 2013 చట్టం ప్రకారం సేకరించాలి. అందులో మార్కెట్ విలువ మీద మరో నూరు శాతం కలిపి ఇవ్వాలని ఉంది. రైతుకి రావాల్సిన ఆ డబ్బు తగ్గించుకోమని మీరు అడగకూడదు. కూలికి పోయేవాళ్లు మీరు, చేను నమ్ముకున్నవాళ్లు వాళ్లు.

రోడ్డు వస్తుందని తెలిశాక వెంచర్లవాళ్లు కూడా వస్తారు. దారిని తమ ప్లాట్ల పక్కకి కొంచెం జరపమంటారు, సంఘానికి గుడి కట్టిస్తామంటారు. ఒప్పుకోవద్దు.

చివరగా ఒక పని. ఒక రోజు పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా కాలనీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఎవరెవరు ఎటు వెళ్తున్నారో రాయి. ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు, బడి పిల్లలు, మార్కెట్‌కి వెళ్లేవాళ్లు, రైల్వే స్టేషన్‌కి వెళ్లేవాళ్లు. బస్సుకి మెయిన్ రోడ్డు కావాలి, కానీ నడిచి పోయేవాళ్లకి బడి వైపు దగ్గర దారి ఇంకోటి కావాల్సి రావచ్చు. రెండోది సైకిలు పట్టేంత ఉన్నా చాలు, వీధి దీపాలు మాత్రం ఉండాలి. మసకచీకట్లో ఇంటికొచ్చే ఆడపిల్లలకి తారు కంటే దీపం ముఖ్యం.

నా మోకాళ్లు మునుపటిలా లేవు గానీ డొంక వెంట ఒకసారి నడవగలను. ఎఫ్‌ఎంబీ నకళ్లు చేతికి రాగానే ఫోన్ చెయ్యి, దాళ్వా కోతలు కాగానే వస్తాను. బస్టాండుకి ఎవరినైనా బండి ఇచ్చి పంపు. టేపు నేను తెస్తాను, నువ్వు ఒక కొడవలీ, తుమ్మ కంప తొలగించడానికి ఇద్దరు కుర్రాళ్లనీ సిద్ధంగా ఉంచు. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న