‘ప్రయత్నిస్తాను’ అంటే అవతలివారికి ఏమని వినిపిస్తుంది?

విదేశంలో కొత్తగా టీమ్ లీడ్ అయిన ఒక తెలుగు యువకుడి సందేహం ఇది: “మీటింగులో అందరూ సరేనంటారు. గడువు రోజున చూస్తే పని సగమే అయి ఉంటుంది. నా ఇంగ్లీషుకు వంక పెట్టినవారు లేరు. మరి లోపం ఎక్కడుంది?”

ఇంగ్లీషులో లేదు. మనం చెప్పింది ఎదుటివారి చెవికి ఏమని చేరిందో చూసుకోకపోవడంలో ఉంది. నేను బయటి దేశానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. లీడ్‌గా మొదటి ఏడాదే ఈ విషయంలో గట్టి దెబ్బ తిన్నాను. మేనేజర్ ఒక తేదీ చెప్పి, ఆలోగా పని అవుతుందా అని అడిగారు. కాదని నాకు తెలుసు. పై అధికారికి ముఖం మీద కాదనడం మర్యాద కాదనుకుని ‘ప్రయత్నిస్తాను’ అన్నాను. నా మనసులో అది మెత్తగా చెప్పిన ‘కాదు’. ఆయన దాన్ని ‘అవును’ అనుకుని క్లయింటుకు మాట ఇచ్చేశారు. నేను మింగేసిన ఒక్క మాట బరువు ఆరుగురి మీద పడింది. మూడు వారాలపాటు వాళ్లు ఆదివారాలు కూడా పనిచేయాల్సి వచ్చింది.

లీడ్‌గా కొత్తగా చేరే ప్రతివారికీ నేను 1990 జనవరి 25 నాటి ఏవియాంకా 52 విమానం సంగతి చెబుతాను. కొలంబియా నుంచి న్యూయార్క్ వచ్చిన ఆ విమానాన్ని వాతావరణం బాగాలేక గంటకు పైగా గాలిలోనే ఆపి ఉంచారు. ఇంధనం అడుగంటుతోంది. అత్యవసర పరిస్థితి అని చెప్పమని కెప్టెన్ కో-పైలట్‌కు చెప్పాడు. ఆయన మాత్రం నేల మీద నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్లతో ‘ఇంధనం అయిపోతోంది’ అన్నాడే తప్ప ‘ఎమర్జెన్సీ’ అన్న మాట వాడలేదు. కంట్రోలర్లకు ఆ ప్రమాద తీవ్రత అందలేదు. విమానం కూలింది, ఉన్న 158 మందిలో 73 మంది చనిపోయారు. ఆయన అబద్ధం చెప్పలేదు, మౌనంగానూ లేడు. పని జరిపించే మాట ఒక్కటి బయటకు రాలేదు, అంతే. ఆఫీసులో ప్రాణాలు పోవు కానీ జరిగే తీరు ఇదే.

అందుకే మేనేజర్‌తో ‘కొంచెం కష్టం’, ‘చూద్దాం’ వంటి మాటలు మానేయండి. “15వ తేదీకి అవదు. 22కు అవుతుంది. 15కే కావాలంటే రిపోర్టుల భాగం వదిలేయాలి” అనండి. ఇది ఎదురు చెప్పడం కాదు, నిర్ణయం తీసుకోవడానికి ఆయనకు కావలసిన సమాచారం ఇవ్వడం. మొదటిసారి గొంతు వణుకుతుంది, నాకూ వణికింది.

మీ బృందం సంగతికి వస్తే, “అర్థమైందా?” అని అడగడం మానండి. ఆ ప్రశ్నకు ‘అయింది’ తప్ప మరో జవాబు చెప్పడం ఎవరికైనా నామోషీ. విమానాల్లో అయితే, కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్ తిరిగి చెప్పాలన్న నియమం ఉంది. ఏ ముక్క తప్పు చెప్పినా అక్కడికక్కడే దిద్దుతారు. ఆ పద్ధతినే తెచ్చుకోండి. “నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, మీరు ముందు ఏ పని మొదలుపెడతారు?” అని అడగండి. పరీక్ష పెడుతున్నట్టు కాకుండా, బాధ్యత మీ మీదే వేసుకుని అడగాలి.

మాటల్లోనూ గోతులున్నాయి. మనం ప్రశ్న అడగబోతూ ‘నాకో డౌట్ ఉంది’ అంటాం. అమెరికాలోనో బ్రిటన్‌లోనో అది ‘నాకు నమ్మకం లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. జవాబు ఇమ్మనే అర్థంలో మెయిల్‌లో ‘రివర్ట్’ అని రాస్తే, సాఫ్ట్‌వేర్ బృందంలో చేసిన మార్పును వెనక్కి తీసేయమన్నట్టు అవుతుంది. బ్రిటన్‌లో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను పక్కన పెట్టడం. 05/06 అని తేదీ వేస్తే అమెరికావారికి మే 6, బ్రిటన్‌వారికి జూన్ 5. నెల పేరు అక్షరాల్లో రాయండి, సమయం పక్కన ఏ ఊరి సమయమో రాయండి.

మరో మాట కాస్త కటువుగానే చెబుతాను. బృందంలో ఇద్దరు ముగ్గురు తెలుగువారుంటే పని మాటలు తెలుగులోకి జారిపోతాయి. మీకు అది ఆత్మీయత. పక్కన కూర్చున్న మరో దేశపు సహోద్యోగికి మాత్రం తలుపు మూసినట్టే. నిర్ణయాలు తనకు తెలియకుండా జరుగుతున్నాయని అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. పని గురించి ఏ మాటైనా అందరికీ తెలిసిన భాషలోనే జరగాలి. తప్పు ఎత్తి చూపాల్సి వస్తే ఒంటరిగా పిలిచి చెప్పండి. మెచ్చుకునేటప్పుడు ఫలానా పని అని పేరు పెట్టి చెప్పండి.

ఇక ఇదంతా నిలబడేది ఒక్క సందర్భంలో మీరెలా ఉంటారన్న దాని మీదే. బృందంలో అందరికంటే చిన్నవారు ఏదో ఒక రోజు మీటింగులో “ఈ తేదీకి అవదు” అంటారు. ఆ క్షణంలో మిగతావారంతా చూసేది మీ ముఖాన్నే. చిటపటలాడితే ఆ గదిలో మళ్లీ ఎవరూ నిజం చెప్పరు. “ముందే చెప్పారు, మంచి పని చేశారు. ఏం అడ్డొస్తోంది?” అని అడిగి, వాళ్ల కళ్లముందే కేలండర్ తెరిచి తేదీ మార్చండి.