భూమిలోకి కరెంటు పంపి, తవ్వకుండానే పాత గోడలు కనిపెట్టవచ్చా?

కనిపెట్టవచ్చు. నన్నడిగితే, అసలు ఈ సర్వే చేయకుండా పార పట్టుకోవడమే తప్పంటాను. ఒకసారి తవ్విన పొరను మళ్లీ తవ్వలేం. రీడింగులు ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు.

నేనొక సర్వే బృందంలో పనిచేశాను. గడ్డి నేల, పైన ఒక్క రాయి కూడా లేదు. తాళ్లు లాగి 20 మీటర్ల గడులుగా విడగొట్టాం. రెండు ప్రోబులను, అంటే నేలలో గుచ్చే లోహపు కడ్డీలను, దూరంగా ఒకచోట పాతేశాం. మిగతా రెండూ అర మీటరు ఎడంతో చేత్తో మోసే ఫ్రేముకే ఉంటాయి. దాన్ని మీటరుకోసారి నేలలో గుచ్చాలి, బీప్ వినగానే పీకి ముందుకు జరగాలి. చేతులు లాగేస్తాయి. కరెంటుకు నేల ఎంత అడ్డుపడుతోందో చూపే అంకె 30 ఓమ్‌ల దగ్గరే తిరుగుతూ, ఉన్నట్టుండి 50 దాటింది. పక్క వరుసలోనూ సరిగ్గా అక్కడే పెరిగింది, ఆ తర్వాతి వరుసలోనూ అంతే. సాయంత్రం గడులన్నీ లాప్‌టాప్‌లో కలిపి చూస్తే ఒక గది మూల, నిక్కచ్చిగా లంబకోణంలో! తర్వాత అక్కడ చిన్న గుంట తీస్తే పునాది రాళ్లు బయటపడ్డాయి.

రాతిలో తేమ తక్కువ, కరెంటు తేలిగ్గా పోదు, అందుకే అంకె పెరుగుతుంది. పూడిపోయిన కందకంలో మట్టి సాధారణంగా తడి పట్టి ఉంటుంది కాబట్టి అక్కడ తగ్గుతుంది. అంటే మనం చూస్తున్నది చాలావరకు తడిలో తేడానే. నేల మరీ ఎండిపోతే ప్రోబులకు పట్టు దొరకదు, నీళ్లు నిలిస్తే గోడకూ మట్టికీ తేడా మసకబారుతుంది. ఒకే చోటును వేరే కాలంలో కొలిస్తే వేరే బొమ్మ రావచ్చు. ఇంత తెలిసీ చాలా రిపోర్టుల్లో రంగురంగుల మ్యాపు ఉంటుందే తప్ప, అంతకుముందు వాన ఎప్పుడు పడిందో ఒక్క ముక్క ఉండదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

1946లో ఇంగ్లండ్‌లోని డోర్చెస్టర్-ఆన్-థేమ్స్ దగ్గర పురావస్తు శాస్త్రవేత్త రిచర్డ్ అట్కిన్సన్ ఈ పద్ధతి వాడినప్పుడు, రీడింగులను తమంతట తామే దాచుకునే డేటా లాగర్లు లేవు. ప్రతి అంకెనూ మనిషే చదవాలి. ఇప్పుడు మెషీనే దాచుకుంటుంది కదా అని నేల వైపు చూసేవాళ్లు తగ్గిపోయారు. డ్రోన్ ఫొటోలకు దొరికే మెప్పులో పదో వంతు కూడా ఈ ఫ్రేము మోసేవాళ్లకు దక్కదు.

మీరు ఎవరిచేతనైనా సర్వే చేయిస్తుంటే మ్యాపుతో సరిపెట్టుకోకండి. అసలు రీడింగులు, ఆ వారాల వాతావరణం రాసిన నోట్సు అడిగి తీసుకోండి. అర మీటరు ఎడం ప్రోబులు సుమారు మీటరు లోతు దాటి పెద్దగా చూడలేవు. మీరు వెతికేది అంతకంటే కింద ఉందనిపిస్తే, ఎడం పెంచి మళ్లీ కొలవమని పట్టుబట్టండి.