కాశీకి వెళ్తున్న చిట్టితల్లికి

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ప్రయాణం కాక చేతిలో మూడు రోజులున్నాయని, అందులోనే కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య అన్నీ చూపిస్తామని ట్రావెల్స్ వాళ్ళు చెప్పారని నిన్న ఫోన్లో అన్నావు. రాత్రంతా అదే ఆలోచన. వద్దమ్మా. మొదటిసారి నేనూ మీ పెదనాన్నా అలాగే వెళ్ళాం. విశ్వనాథుడి ముందు అర నిమిషం కూడా నిలబడలేదు, బస్సుకు టైమైందని ఒకటే తొందర. ఇంటికొచ్చాక మీ పెదనాన్న, "మళ్ళీ వెళ్దాం, ఈసారి కాశీ ఒక్కటే" అన్నారు. రెండేళ్ళకు వెళ్ళాం. నేను చెప్పేదంతా ఆ రెండోసారిదే.

అంత దూరం వెళ్ళి గయ చూడరా అని బంధువులు అంటారు. అననీ. గయలో పెద్దలకు పిండం పెట్టడం తీరిగ్గా చెయ్యాల్సిన పని. దానికి వేరేగా వెళ్దురుగాని.

కార్తీక పౌర్ణమికి దేవ దీపావళని ఘాట్లన్నీ కిక్కిరిసిపోతాయి, అది దాటాక పెట్టుకో. డిసెంబర్ చివరి నుంచి పొగమంచుతో రైళ్ళు గంటలకొద్దీ లేటవుతాయి. విజయవాడలో సంఘమిత్ర ఎక్కితే మొగల్‌సరాయిలో దిగాలి. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్. అక్కడి నుంచి ఆటోలో కాశీ. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. మీ అమ్మకు లోయర్ బెర్త్ కోటాలో చెయ్యి.

బస కేదార్ ఘాట్ చుట్టుపక్కల చూడు. తెలుగువాళ్ళ ఆశ్రమాలు, సత్రాలు అటే ఉన్నాయి. ఆ ఘాట్ మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, మీ అమ్మ మోకాళ్ళు గుర్తుపెట్టుకో. పైన ఎరుపు, తెలుపు చారల గుడిలో కేదారేశ్వరుడున్నాడు. లింగం నున్నగా ఉండదు, మధ్యలో గీత ఉంటుంది. మాంధాత అనే భక్తుడు వండి రెండు భాగాలు చేసిన పులగమే అలా శిలయిందని చెబుతారు. దగ్గరికెళ్ళి చూస్తే మెతుకులు మెతుకులుగానే అనిపించింది నాకు. మీ అమ్మను అక్కడ కాసేపు కూర్చోనివ్వు.

తెల్లవారుజామున పడవ ఎక్కండి. రేటు ముందే మాట్లాడుకోండి. మన కృష్ణ తూర్పుకు పోతుంది, కాశీలో గంగ మాత్రం ఉత్తరానికి పారుతుంది. ఘాట్లన్నీ పడమటి ఒడ్డున, ఎదురుగా ఇసుక. సూర్యుడు ఆ ఇసుక మీంచి నేరుగా మన ముఖం మీదికే వస్తాడు. దశాశ్వమేధ ఘాట్ హారతి సాయంత్రం ఎలాగూ చూస్తారు, కానీ ఈ పొద్దు పొడుపును వదులుకోకండి. శవదహనాలు జరిగే మణికర్ణిక ఘాట్ దగ్గర ఫోటోలు తియ్యకు. కాలుతున్నది ఎవరో ఒకరి అమ్మ, నాన్న. కట్టెలకని ఎవరైనా డబ్బులడిగితే నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, రూములోనే పెట్టి వెళ్ళండి. ఆ గుడిని 18వ శతాబ్దంలో తిరిగి కట్టించింది అహల్యాబాయి హోల్కర్ అని అల్లుడికి చెప్పు. పక్కనే అన్నపూర్ణమ్మ. విశాలాక్షి, కాలభైరవుడు మరో పూట.

మూడో రోజు సారనాథ్, పది కిలోమీటర్లే. శుక్రవారం పడకుండా చూసుకో, మ్యూజియం మూసేస్తారు. మన అమరావతి స్తూపంలో దిబ్బే మిగిలింది కదా, చెక్కిన రాళ్ళు చెన్నైకి, లండన్‌కి పోయాయి. సారనాథ్‌లో ధమేక్ స్తూపం ఇంకా 40 మీటర్లు దాటి నిలబడే ఉంది. దాని ముందు నిలబడి తలెత్తి చూస్తుంటే, మనదీ ఇలా ఉండేదేమో అని నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

టికెట్లు తీసుకోగానే ఫోన్ చెయ్యి. మీ అమ్మకు మోకాలి పట్టీ కొని ఉంచాను, మీ పెదనాన్న ఈ ఆదివారం విజయవాడ వస్తూ తెస్తారు.

మీ పెద్దమ్మ